దాదీ మాదిరి మాట్లాడే దొంగ

ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం ప్రొద్దుటూరులో పిల్లల బొమ్మల సినిమాకు వెళ్లాం. నేను, మూడో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయి, అది దాదీ అని పిలిచే మా అత్తమ్మ. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. అక్కడే పనిచేసే నర్సు కూడా తన కూతురిని తీసుకుని వచ్చింది. పిల్లలిద్దరిదీ ఒకే బడి. అత్తమ్మకు సినిమాల మీద పెద్ద ఆసక్తి లేదు. ఆ రోజు మా వీధిలో కరెంటు పోయింది, హాల్లో చల్లగా ఉంటుందని బయల్దేరింది.

అది ఏదో పరాయి దేశంలో తీసి తెలుగు మాటలు అతికించిన యానిమేషన్ సినిమా. ఎడారిలో ఒక ఒంటెపిల్ల తల్లి నుంచి తప్పిపోతుంది. ఒక పాప దానిని చేరదీసి, తల్లిని వెతుక్కుంటూ వెళ్తుంది. ఆ ఒంటెపిల్ల కనురెప్పలు ఎంత ముద్దుగా గీశారో, అది మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు హాలంతా ఒక్కసారి ‘అయ్యో’ అన్నది. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి దొంగలు వచ్చారు. నల్లటి ముఖాలు, వంకర ముక్కులు, మెడ కిందికి దిగిన గడ్డాలు, కళ్లకు సుర్మా. దొంగల నాయకుడు పాప ఎదుట నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, “ఏయ్ పిల్లా, ఆ ఒంటె నాకి కావాల. నువ్వు ఇస్తుందా, లేదా?” అన్నాడు.

హాలు గొల్లుమంది. నాకు మాత్రం చెంపలు వేడెక్కాయి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అయినా నా చెయ్యి దానంతటదే పైకి పోయి దుపట్టా సర్దుకుంది. చీకట్లో ఎవరికి కనిపిస్తానని సర్దుకున్నానో నాకే తెలియదు. పక్కన అత్తమ్మ నల్ల బురఖాలో, ముఖం మీది ముసుగు వెనక్కి వేసుకుని, కాళ్లు సీటు మీదికి మడుచుకుని కూర్చుంది.

నేను మనసులో లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను. ఆ పాపదీ ఆ ఎడారే. దొంగలదీ ఆ ఎడారే. ఒకే ఇసుక మీద నడుస్తారు, ఒకే బావి నీళ్లు తాగుతారు. మరి పాప టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది, దొంగలు మాత్రం మా వాళ్లలా మాట్లాడతారెందుకు? ఆ సినిమా తీసిన దేశంలో దొంగలకు ఏ యాస పెట్టారో నాకు తెలియదు. వాళ్లు అక్కడ ఎవరో పరాయివాళ్లు. తెలుగులోకి వచ్చేసరికి ఎక్కడో ఒక గదిలో ఎవరో కూర్చుని, ఈ దొంగలు ఇక్కడ ఎవరవుతారని ఆలోచించి ఉంటారు. ఎక్కువసేపు ఆలోచించి ఉండరు.

అదే సమయంలో అత్తమ్మ నా వైపు వంగింది. ఆమెకు చెవులు కొంచెం మందం, అందుకే గొంతు కొంచెం పెద్దది. నా ఉర్దూ అంతంతమాత్రమని నాతో తెలుగే మాట్లాడేది. “బేటీ, వాడు ఏమి చెప్తాది? ఒంటెని ఎందుకు కట్టేసింది వాడు?” అని అడిగింది.

ముందు వరసలో కూర్చున్న కాలేజీ పిల్లలు వెనక్కి తిరిగారు. ఆమె దొంగ గొంతును అనుకరిస్తున్నదని అనుకున్నారు. వాళ్లలో ఒకడు నవ్వుతూ, “సూపర్‌గా చెప్పినావ్ పెద్దమ్మా, ఇంగోసారి చెప్పు” అన్నాడు. వాడి ముఖంలో చెడ్డతనమేమీ లేదు. అత్తమ్మకు ఏమీ అర్థం కాలేదు. పిల్లలు ప్రేమగా పలకరించారనుకుని వాళ్లవైపు చూసి నవ్వింది. నేను ఆమె మణికట్టు పట్టుకుని, సినిమా అయ్యేదాకా మాట్లాడొద్దని ఉర్దూలో చెప్పాను. ఆమె సరేనని తల ఊపింది. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

బయటికి వచ్చాక పిల్లలు చెరకురసం కావాలన్నారు. బండి దగ్గర నిలబడినప్పుడు నర్సును పక్కకు పిలిచి, నీకేమనిపించిందని అడిగాను. ఆమెది ముత్తాతల కాలంలో మిషన్ వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. గ్లాసులోకి చూస్తూ, సినిమాల్లో మెడలో సిలువ వేసుకున్నవాడు కనిపిస్తే వాడు తాగుబోతో రౌడీనో అని తన కూతురు ముందే చెప్పేస్తుందని అన్నది. మరి నువ్వేం చేస్తావని అడిగాను.

“నేనూ నవ్వుతానక్కా. నవ్వకపోతే అందురూ మన పక్కే చూస్తారు గదా.”

ఆ మాట విని నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. దొంగ మొదటి మాట అన్నప్పుడు హాలంతా నవ్వింది కదా, నా పెదవులు కూడా సాగాయి. నేనూ నవ్వాను.

వారం తిరక్కుండానే మా అమ్మాయిని తీసుకుని జమ్మలమడుగులో మా పుట్టింటికి వెళ్లాను. మా నాయన తెలుగు పండితుడుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో మేము అబ్బా అని కాకుండా నాయనా అనే పిలిచేవాళ్లం, ఆయనకు అదే ఇష్టం. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజు ప్రధానోపాధ్యాయుడు ఆయనను పైకీ కిందికీ చూసి, సాయిబూ నువ్వు తెలుగు చెప్తావా అని అడిగాడట. మా నాయన జవాబివ్వకుండా ఎనిమిదో తరగతి గదిలోకి వెళ్లి, పుస్తకం తెరవకుండా పాఠం మొత్తం పద్యాలతో సహా అప్పజెప్పాడట. ఈ కథ మేము చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నామో! ఆ పరీక్ష ఆయన జీవితమంతా రాస్తూనే ఉన్నాడని నాకు పెద్దయ్యాకే అర్థమైంది. మా చేత కూడా రాయించాడు. ఇంట్లో ఎవరైనా ఒత్తు పలకకపోతే అన్నం దగ్గర కూడా ఆపి మళ్లీ పలికించేవాడు.

సినిమా సంగతి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన బడి తెలుగు వదిలేసి జమ్మలమడుగు తెలుగులోకి దిగుతాడు.

“మనోళ్లు యాడన్నా అట్లా మాట్లాడతారా? ఈ జిల్లాలో సాయిబులు పుట్టినకాడి నుంచి తెలుగే గదా మాట్లాడతాండేది. అదంతా అబద్ధం. మనోళ్లెవురూ అట్లా మాట్లాడరు.”

నాకు ఆ మాట చల్లగా తగిలింది. నేను హాల్లో వెతుక్కుంటున్న మాట అదే. అది అబద్ధం, మేము అలా మాట్లాడం. అలా అనుకుంటే సిగ్గుపడాల్సింది మేము కాదు, అది తీసినవాళ్లు.

మా అమ్మాయి అరుగు మీద కూర్చుని చింతగింజలతో ఆడుకుంటోంది. తల ఎత్తకుండానే, “దాదీ మాట్లాడతాది గదా తాతా” అన్నది. “ఆ దొంగ నాకు శానా నచ్చినాడు. దాదీ మాదిరే మాట్లాడతాడు. అందుకే ఒంటెకు దొంగ అంటే భయం లేదు.”

మా నాయన కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత, మీ దాదీ సంగతి వేరులే అన్నాడు. వేరు ఎలా అవుతుందని మా అమ్మాయి అడగలేదు. నేనూ అడగలేదు. కానీ బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ మాటే నన్ను తొలుస్తూ ఉండింది. మనవాళ్లెవరూ అలా మాట్లాడరని చెప్పుకున్నప్పుడు, నా ఇంట్లో నాకు రోజూ అన్నం పెట్టే మనిషిని మనవాళ్లలోంచి తీసి పక్కన పెట్టాను. సినిమావాళ్లు ఆమెను దొంగను చేశారు. నేనూ మా నాయనా ఆమెను లేకుండానే చేశాం.

అత్తమ్మ పుట్టింది కడపలో ఉర్దూ తప్ప మరొకటి వినపడని ఒక సందులో. చదివింది ఉర్దూ బడిలో, అదీ కొంతే. ప్రొద్దుటూరుకు కోడలుగా వచ్చాకనే ఆమె చెవిన తెలుగు పడింది. ఆమె తెలుగులో ఆడామగా తేడా ఉండదు, నువ్వూ వాడూ కలిసిపోతాయి. అయినా వీధిలో నాకంటే ఆమెకే ఎక్కువమంది తెలుసు. పాలవాడితో కొట్లాడేది, పక్కింటి బాలింతకు మందు చెప్పేది, మిద్దె మీద నుంచే ఎదురింటి ఆమెతో గంటలు గంటలు మాట్లాడేది. ఎవరూ ఎప్పుడూ ఆమె మాట అర్థం కాలేదని అనలేదు.

ఆ వేసవి చివర్లో పులివెందులలో మా పెద్దాడబిడ్డ మనవడికి పేరు పెట్టే విందు జరిగింది. భోజనాలయ్యాక ఆడవాళ్లమంతా హాల్లో చాపల మీద కూర్చున్నాం. అత్తమ్మ వక్కలు కత్తిరిస్తూ ఉంది. మగవాళ్లు గుమ్మం దగ్గర కుర్చీలు వేసుకున్నారు. మా ఆయనే మొదలుపెట్టాడు. ఇంట్లో పాప రోజూ ఆ దొంగ మాటలు చెప్తూ ఉండేది, ఆయనకు అది ముచ్చట. బొమ్మల సినిమాకు అంత ఆలోచన ఎందుకని నా మాటను అంతకుముందే ఒకసారి తీసిపారేశాడు. పాపను పిలిచి, ఆ దొంగను చేసి చూపించమన్నాడు.

పాప నడుము మీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టింది. ఒంటె మాట అయిపోయింది. అందరూ నవ్వారు. అందరూ మావాళ్లే, అక్కడ మమ్మల్ని చూసేవాళ్లెవరూ లేరు, అయినా సినిమా హాల్లో జనం నవ్వినట్టే నవ్వారు. నవ్వేసరికి పాపకు హుషారు వచ్చింది. సినిమాలో దొంగ అనని మాటలు కూడా అనడం మొదలుపెట్టింది. “ఏయ్ పాలోడా, నీ పాలు శానా నీళ్లు తాగింది.” “ఓ ఎదురింటామె, మీ ఆయన ఇంకా రాలేదు? ఆమె యాడికి పోయింది?”

మా ఆడబిడ్డ కళ్లు తుడుచుకుంటూ, అమ్మీ, అచ్చం అమ్మీ అని తన తల్లి వైపు చూపిస్తూ అరిచింది. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. మా ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి నవ్వుతున్నాడు.

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె ముందు అందరితోపాటే నవ్వుతోంది. మనవరాలు ఏదో బాగా చేస్తోందని సంతోషం. అమ్మీ అన్న మాట విన్నాక ఆ నవ్వు అలాగే ఉండిపోయి, కళ్లు మాత్రం మారాయి. అడకత్తెర ఒళ్లో పెట్టుకుంది. పక్కనే ఉన్న నా వైపు వంగి, ఈసారి చాలా మెల్లగా అడిగింది.

“ఆ రోజు హాల్లో పిల్లోళ్లు నన్ను చూసి నవ్వింది, ఇందుకేనా?”

కాదని చెప్పి ఉండవచ్చు. ఆమె నమ్మేది. నేను దుపట్టా సర్దుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, అడకత్తెర తీసుకుని మళ్లీ వక్కలు కత్తిరించింది. ముద్దనూరు మీదుగా ఇంటికి వస్తున్నప్పుడు దారంతా పాప ఆమె ఒళ్లోనే తల పెట్టుకుని నిద్రపోయింది. అత్తమ్మ పాప జుట్టు నిమురుతూనే ఉంది.

మర్నాటి నుంచి ఆమె తెలుగు మాట్లాడడం మానేసింది. ఎవరికీ చెప్పి మానలేదు. పాలవాడు వస్తే గిన్నె పెట్టి లోపలికి వచ్చేది. ఎదురింటి ఆమె మిద్దె మీద నుంచి పిలిస్తే చెయ్యి ఊపి, తలనొప్పి అన్నట్టు నుదురు చూపించేది. పెద్దమ్మకు ఒంట్లో బాగలేదా అని ఆమె నన్ను అడిగితే, గొంతు పట్టేసిందని చెప్పాను.

బడి తెరిచాక, వార్షికోత్సవానికి ఆ ఒంటెపిల్ల కథనే నాటకం వేస్తున్నామని క్లాస్ టీచర్ ఫోన్ చేసింది. దొంగ వేషానికి మా అమ్మాయి తప్ప ఇంకెవరూ సరిపోరన్నది. నేను మరుసటి రోజు బడికి వెళ్లాను. ఏం చెప్పాలో దారిలో అనుకుంటూనే వెళ్లాను. ఆ టీచరు చిన్నపిల్ల, మంచిది. నేను దొంగ భాష సంగతి ఎత్తగానే కంగారుపడి కుర్చీలోంచి లేచింది.

“అట్లా మేం అనుకోనే లేదు మేడం. పాప శానా బాగా చేస్తాందని అంతే. కావాలంటే గడ్డం తీసేస్తాం.”

గడ్డం కాదు అని చెప్పాలి. గొంతు సంగతి చెప్పాలి, ఆ గొంతు ఎవరిదో చెప్పాలి. అది చెప్పాలంటే మా అత్తమ్మ తెలుగు అలా ఉంటుందని ఒప్పుకోవాలి. నేను పండితుడి కూతురిని, స్వచ్ఛమైన తెలుగులో మాట్లాడుతున్నాను, ఆ టీచరు కూడా నా తెలుగును మెచ్చుకున్నట్టు వింటోంది. ఆ మెప్పు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. పాపకు చదువు ఉంది, వేషం వద్దు, బృందంలో పాట పాడనివ్వండి అని చెప్పి లేచాను.

ఇంట్లో పాప ఏడ్చింది. నేనేం తప్పు చేశానని అడిగింది. నువ్వేమీ తప్పు చేయలేదు, అలా మాట్లాడితే దాదీకి బాధ కలుగుతుందని చెప్పాను.

“దాదీ మాటలు తప్పా?”

“తప్పు కాదు.”

“మరి నేనెందుకు మాట్లాడకూడదు?”

ముఖం కడుక్కుని రమ్మన్నాను. ఆ దొంగను చూసినవాళ్లందరిలో, ఆ గొంతు విని ప్రేమించింది అదొక్కతే. దొంగ అయినా దాదీ మాదిరి మాట్లాడుతున్నాడు కాబట్టి మంచివాడే అయి ఉంటాడని అది నమ్మింది. మేమంతా వెక్కిరింత చూసిన చోట అది ఏమీ చూడలేదు. నేనే దానికి వేలు పెట్టి చూపించాను.

వార్షికోత్సవం రోజు దొంగ వేషం వేరే పిల్లవాడు వేశాడు. గడ్డం తీయలేదు, కాటుక పులిమిన దూది అతికించారు. వాడికి ఆ మాటలు సరిగా రాలేదు, అయినా చప్పట్లు బాగానే పడ్డాయి. నా పక్కన కూర్చున్న నర్సు అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తి, నా వైపు చూసి, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. అలా చేసినందుకు ఆమె ఎంత ఇబ్బంది పడిందో, నేనూ అంతే పడ్డాను. మా అమ్మాయి బృందంలో చివరన నిలబడి పాడింది. దొంగ వచ్చినప్పుడు అది తల దించుకుంది.

కొన్నాళ్లకు దాని పుట్టినరోజు వచ్చింది. స్నేహితురాళ్లు ఇంటికి వస్తారని పొద్దున్నుంచి ఇల్లు సర్దుతూ ఉంది. నేను వంటింట్లో ఉన్నాను. అది దాదీ మంచం దగ్గరికి వెళ్లి, ఉర్దూలో, చాలా మర్యాదగా చెప్పడం నాకు వినిపించింది. దాదీ, నా ఫ్రెండ్స్ వచ్చినప్పుడు నువ్వు ఉర్దూలోనే మాట్లాడు, సరేనా. అత్తమ్మ సరే బేటా అన్నది. వెంటనే అన్నది, అంతకుముందే అనుకుని ఉన్నట్టు.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక నేను వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. అన్నీ చెప్పాను. హాల్లో ఆమె చెయ్యి ఎందుకు పట్టుకున్నానో, మా నాయన ఏమన్నాడో, బడిలో నేనేం చెప్పలేకపోయానో. మాటలన్నీ ఉర్దూలోనే జరిగాయి. ఆమె ఉర్దూ ఎంత అందంగా ఉంటుందో నాకు ఆ రోజే మొదటిసారి వినిపించినట్టుంది. నా ఉర్దూనే ఆమె ముందు తడబడుతోంది, ఆడామగా కలిసిపోతున్నాయి. ఆమె ఒక్కసారి కూడా నన్ను సరిదిద్దలేదు.

నీ తప్పేముందని అన్నది. నీ పెళ్లిలో మీ నాయన మాట్లాడిన తెలుగు విన్న రోజే నాకు సిగ్గేసింది, అందుకే ఆయన వచ్చినప్పుడల్లా వంటింట్లోంచి బయటికి రానని చెప్పింది. ఇన్నేళ్లుగా నేను అది ఆమె మర్యాద అనుకున్నాను. నాకెవరూ తెలుగు నేర్పలేదు, కొళాయి దగ్గర కొట్లాడుతూ నేర్చుకున్నానని చెప్పి, చిన్నగా నవ్వింది. ఆ కొట్లాటల్లో తానే గెలిచేదట. ఇక మీదట మామూలుగానే మాట్లాడమని నేను బతిమాలాను. చూద్దాంలే అన్నది.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో మెషిన్ చెడిపోతే తొందరగా ఇంటికి వచ్చాను. మెట్లెక్కుతుండగా పైన మాటలు వినిపించాయి. కమలాపురం వైపు నుంచి ఆకుకూరలు తెచ్చే ఒకామె గుమ్మంలో గంప దించుకుని కూర్చున్నట్టుంది. అత్తమ్మ ఆమెతో మాట్లాడుతోంది, తెలుగులో, మునుపటి గొంతుతో. “నీ కొడుకు ఇంకా పెండ్లి చేసుకోలేదు? ఆమెకి ఏమి కావాల, రాణీ కావాలా?” అని అడుగుతోంది. గంప ఆమె, వానికి రాజ్యం ల్యాకపోయినా రాణే కావాలంట పెద్దమ్మా అని నవ్వుతోంది.

నాకు పరుగెత్తుకుని పైకి పోవాలనిపించింది. ఇంకో మెట్టు ఎక్కాను. చెప్పు చప్పుడు అయింది. పైన మాట ఆగింది. తర్వాత అత్తమ్మ గొంతు, ఉర్దూలో, ఎవరది అని అడిగింది.

చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, కింద గోడ నీడలో నిలబడ్డాను. కొంచెం సేపటికి పైన మళ్లీ మాటలు మొదలయ్యాయి. గంప ఆమె దిగి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.